గాలిని పట్టు విద్య: మామిడి రైతుకు దాని అగత్యము

నూజివీడు పేరు వినగానే ఎవరికైనను రసాలు జ్ఞప్తికి వచ్చును. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు, ఏ రకమును గూర్చి ముచ్చటించినను మనము నేలను గూర్చి, నీటిని గూర్చి, ఎరువును గూర్చి, తేనెమంచు పురుగును గూర్చి చెప్పుకొందుము. గాలిని గూర్చి మాత్రము ఎవరును చెప్పుకొనరు. గాలి కంటికి కనబడదు గనుక దానితో మనకు పనిలేదని అనుకొందుము. ఇది సరికాదు.

పిందె కట్టిన నాటి నుండి పండు తినువాని చేతికి చేరువరకు మూడు చోట్ల మామిడి ధరను గాలి నిర్ణయించుచున్నది. తోట ప్రక్కన ఇటుక బట్టీ ఉన్నచో దాని పొగ పిందెల కొసలను మాడ్చవచ్చును. కోసి పెట్టెలో సర్దిన కాయ తానే ఒక గాలిని వదలి, ఆ గాలితో తోడి కాయలను కూడ తొందరగా మాగజేయును. చివరకు మండీలో కొందరు వ్యాపారులు కార్బైడు పెట్టి, దాని గాలితో పచ్చికాయకు పసుపు రంగు తెప్పించుచున్నారు. మొదటిది పంటను పాడుచేయును. రెండవది ప్రయాణమును పాడుచేయును. మూడవది నూజివీడు పేరునే పాడుచేయును.

ఈ మూడింటికిని వర్తించు సూత్రము ఒకటి కలదని నా అభిప్రాయము. పట్టదగిన గాలిని పుట్టిన చోటనే పట్టవలెను. పట్ట వీలుకాని గాలిని తోటకు, పండునకు దూరముగా ఉంచవలెను. పెద్ద కర్మాగారములు ఈ సూత్రమును నూటయేబది ఏండ్లకు పైగా ఆచరించుచున్నవి. గాలిని పట్టు ఆ పద్ధతికి రసాయన శోషణ మని పేరు. అది ఫ్యాక్టరీ గోడ దాటి మన ఊరికి రావలసిన సమయము వచ్చినది.

గోలీసోడా, గోడ సున్నము

గాలిని ద్రవము పీల్చుకొనుటను శోషణ అందురు. ఇది రెండు విధములు. రెండును మీకు తెలిసినవే.

మొదటిదానికి గోలీసోడా ఉదాహరణ. నీటిలోనికి బొగ్గుపులుసు గాలిని ఒత్తిడితో ఎక్కించి గోలీ బిగింతురు. గోలీ నొక్కగానే ఒత్తిడి తగ్గి గాలి బుస్సుమని పైకి వచ్చును. అనగా ఆ గాలి నీటిలో దాగియున్నదే గాని నీటితో కలిసిపోయి మారిపోలేదు. ఇది వట్టి శోషణ.

రెండవదానికి గోడ సున్నము ఉదాహరణ. తడిసున్నము పూసిన నాడు చేతికి అంటును. కొన్ని దినములకు గట్టిపడి రాయివలె అగును. నీరు ఆరినందువలననే గట్టిపడినదని చాలమంది అనుకొందురు. నిజమునకు ఆ సున్నము చుట్టుప్రక్కల గాలిలోని బొగ్గుపులుసు గాలిని పట్టుకొని, దానితో కలిసి తిరిగి సున్నపురాయిగా మారినది. సున్నపుతేటలోనికి గొట్టముతో నోటిగాలి ఊదినచో తెల్లగా పాలవలె అగుటకు కారణము కూడ ఇదే. లెక్క చెప్పవలెనన్న, 74 కిలోల తడిపిన సున్నము 44 కిలోల బొగ్గుపులుసు గాలిని పట్టగలదు. దానిని తిరిగి రప్పించవలెనన్న బట్టీలో పెట్టి కాల్చవలసినదే. ఇది రసాయన శోషణ.

సోడాలోని గాలి వచ్చిపోవు చుట్టము వంటిది. సున్నములోని గాలి ఇల్లరికపు అల్లుని వంటిది. కర్మాగారములకు ఎక్కువగా కావలసినది ఈ రెండవ రకము. ఏలయనగా, గాలిలో చాల కొద్ది పాళ్ళలో ఉన్న వాయువును కూడ ఇది విడువక పట్టును.

ఈ పని చక్కగా జరుగుటకు కొన్ని నియమములు కలవు. గాలి, ద్రవము ఒకదానినొకటి ఎక్కువ మేర తాకవలెను. అందుకే ద్రవమును తుంపరలుగానో, పలుచని పొరగానో పారింతురు. తాకుటకు తగిన వ్యవధి ఉండవలెను. ద్రవము చల్లగా ఉండుట మంచిది. వేడియైన కొలది చాల వాయువులు ద్రవమునుండి విడివడును. ద్రవము సత్తువ కలిగి యుండవలెను. నిండిన ద్రవము ఇక పట్టదు. కర్మాగారములలో ఎత్తయిన బురుజు కట్టి, పైనుండి ద్రవమును, క్రిందినుండి గాలిని పంపుదురు. బట్టలు ఉతుకువారు మొదట వాడిన నీటిలో ముంచి, చివరకు శుభ్రమైన నీటిలో జాడించుట మీరెరుగుదురు. ఇక్కడను అంతే. పైకి పోయిన కొలది మిగిలిన కొద్దిపాటి వాయువునకు సరిక్రొత్త ద్రవము ఎదురగును. కావున బురుజు కొసన బయటికి పోవు గాలిలో చెడు మిగులుట తక్కువ.

ఇంకొక్క మాట ముఖ్యము. అన్ని గాలులకు ఒకే మందు లేదు. బొగ్గుపులుసు గాలికి సున్నము, గంధకపు గాలికి సున్నపురాయి నీళ్ళు లేక సోడా, అమ్మోనియాకు నీరు లేక ఆమ్లము. ఏ తాళమునకు ఆ చెవియే పట్టును. ఈ సంగతి మామిడి దగ్గరకు వచ్చినపుడు మరల అవసరమగును.

గాలిమరలో ముళ్ళకంప

ఈ విద్య కర్మాగారములకు ఎట్లు వచ్చినదో తెలిసికొనుట తోట రైతుకు చాల అవసరము. ఏలయనగా దాని వెనుక ఉన్నది తోటలు, పొలములు కోల్పోయినవారి ఫిర్యాదే.

ఇంగ్లండులో 19వ శతాబ్దమున ఉప్పునుండి చాకలి సోడా తయారుచేయు కర్మాగారములు వెలసినవి. ఉప్పుపై గంధకామ్లము పోయగా హైడ్రోక్లోరికామ్లపు గాలి మేఘములవలె లేచి చుట్టుప్రక్కల చెట్లను, పైరులను మాడ్చివేసెడిది. భూస్వాములు, రైతులు కోర్టుకెక్కిరి. విలియం గాసేజ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పాడుపడిన ఒక గాలిమర బురుజును తీసికొని, దానిలో ముళ్ళకంప, పుల్లలు నింపి, పైనుండి నీరు చిలకరించుచు క్రిందినుండి ఆ గాలిని పంపెను. గాలిలోని ఆమ్లము నీటిలో కలిసిపోయి, పైన బురుజులోనుండి వచ్చినది నిరపాయకరమైన గాలి. ఆయన 1836లో దీనికి పేటెంటు పొందెను. నేటి శోషణ బురుజులన్నిటికి ఆ కంపబురుజు తాత వంటిది.

అయితే బురుజు కనిపెట్టినంత మాత్రమున అందరును దానిని కట్టలేదు. ఖర్చు ఎందుకని చాలమంది యజమానులు ఊరకుండిరి. చివరకు 1863లో అక్కడి ప్రభుత్వము చట్టము చేసి, వెలువడు ఆమ్లపు గాలిలో నూటికి 95 పాళ్ళు పట్టితీరవలెనని శాసించినది. తనిఖీకి రాబర్ట్ ఆంగస్ స్మిత్ అను రసాయన శాస్త్రజ్ఞుని నియమించినది. అనగా పనిముట్టు పుట్టిన 27 ఏండ్లకు గాని చట్టము రాలేదు. తరువాత తమాషా ఏమనగా, పట్టిన ఆ ఆమ్లమునుండి బ్లీచింగు పొడి తయారుచేసి బట్టల మిల్లులకు అమ్మి ఆ యజమానులే లాభము పొందిరి. వదలినపుడు విషము, పట్టినపుడు సరుకు!

పనిముట్టు ఉండుట చాలదు, అడుగువారు ఉండవలెను. ఈ కథలో నేను గ్రహించినది ఇదే.

మన ఎరువు బస్తాలో ఈ విద్య

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు. మీరు తోటకు, వరిచేనుకు వేయు ఎరువు ఈ విద్యవలననే తయారగుచున్నది.

2021లో తిరిగి ఉత్పత్తి ప్రారంభించిన రామగుండము కర్మాగారము వంటివి సహజవాయువునుండి యూరియా తయారుచేయును. ముందుగా ఆ వాయువునుండి ఉదజని తీయునపుడు దానితోపాటు బొగ్గుపులుసు గాలి వచ్చును. రెంటిని వేరుచేయుటకు సాధారణముగా క్షారగుణము గల ద్రవమును బురుజులో పారింతురు. ఆ ద్రవము బొగ్గుపులుసు గాలిని పట్టి మోసికొనిపోయి, వేరొకచోట వేడి తగులగానే దింపివేసి, ఖాళీ అయి మరల మోతకు వచ్చును. ధాన్యపు బస్తాలు మోయు హమాలీవలె రేయింబవళ్ళు తిరుగుచుండును. దింపిన బొగ్గుపులుసు గాలిని పారవేయరు. దానిని అమ్మోనియాతో కలిపి యూరియా చేయుదురు. మీరు కొను 45 కిలోల యూరియా బస్తా తయారగుటకు 33 కిలోల బొగ్గుపులుసు గాలి, 25.5 కిలోల అమ్మోనియా కలిసినవి, 13.5 కిలోల నీరు విడిపోయినది. గాలిని పట్టు విద్య లేనిచో యూరియా బస్తా లేదు.

భాస్వరపు ఎరువుల సంగతియు అంతే. విశాఖపట్టణములో 1967లో ఉత్పత్తి ప్రారంభించిన కోరమాండల్ ఎరువుల కర్మాగారమును మీరెరుగుదురు. భాస్వరపు రాయిని కరిగించుటకు గంధకామ్లము కావలెను. గంధకమును కాల్చి, వచ్చిన గాలిని మరికొంత ప్రాణవాయువుతో కలిపి, దానిని ద్రవములో పట్టినచో గంధకామ్లమగును. చిత్రమేమనగా ఈ గాలిని వట్టి నీటితో పట్టబోయినచో పొగమంచువలె లేచి తప్పించుకొనిపోవును. అందువలన నూటికి 98 పాళ్ళు గాఢత గల గంధకామ్లముతోనే దానిని పట్టి, తరువాత నీరు కలుపుదురు. ఒక్కమారు పట్టినచో నూటికి సుమారు రెండు పాళ్ళు గంధకపు గాలి గొట్టమునుండి పోవును. రెండుమార్లు పట్టు పద్ధతి వచ్చిన పిదప అది అరపాలు కంటె తక్కువైనది. ఇక ఫాస్ఫరికామ్లము అమ్మోనియాను పట్టినపుడు డి.ఏ.పి. తయారగును.

బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రముల పొగలోని గంధకపు గాలిని సున్నపురాయి నీళ్ళతో కడిగినచో జిప్సం ఏర్పడును. వేరుశనగకును, చౌడు నేలలకును మనము వేయు జిప్సమే అది. ఇక్కడను వదలినది పొగ, పట్టినది ఎరువు.

భోపాల్ నేర్పిన పాఠము

పట్టు సాధనము ఉన్నదని ధీమాగా కూర్చుండుటయు ప్రమాదమే. భోపాల్ పట్టణమున 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి జరిగిన ఘోరము దీనికి సాక్ష్యము. ఆ కర్మాగారము తయారుచేసినది మనవంటి రైతులు వాడిన పురుగుమందే. కార్బరిల్ అను ఆ మందును ఒకప్పుడు మామిడిపై తేనెమంచు పురుగునకు కూడ చల్లెడివారు. 2018లో ప్రభుత్వము దానిని నిషేధించినది.

ఆ కర్మాగారములో విషవాయువును కాస్టిక్ సోడా నీటితో పట్టు బురుజు ఉన్నది. కాని ఆ రాత్రి వెలువడిన వాయువు ఉధృతికి అది ఎంతమాత్రము సరిపోలేదు. విషద్రవమును చల్లగా ఉంచవలసిన శీతల యంత్రమును అంతకుముందే ఆపివేసిరి. వేలకొలది జనులు మరణించిరి. పట్టుసాధనము కాగితముపై ఉన్నచో చాలదు, పుట్టు గాలికి సరితూగవలెను, ఎల్లప్పుడు పనిచేయుచుండవలెను. ఊరిలో కట్టు చిన్న గదికైనను, పెద్ద ఫ్యాక్టరీకైనను ఈ నియమము ఒక్కటే.

బట్టీ పొగ

ఇప్పుడు తోటకు వత్తము. మామిడిలో కాయకొస నల్లబడు జబ్బు ఒకటి కలదు. కాయ కొస మొదట పసుపువన్నె తిరిగి, పిదప గోధుమరంగుకు, నలుపునకు మారి గట్టిపడి చదునగును. ఇది శిలీంధ్రమువలన వచ్చు తెగులు కాదు. ఇటుక బట్టీల పొగలోని గంధకపు గాలి, బొగ్గువిషపు గాలి, ఎథిలీను మొదలగువానివలన వచ్చును. బీహారు, ఉత్తరప్రదేశ్ తోటలలో దీని బాధ ఎక్కువ. మన తోటలలో నల్లబడిన ప్రతి కాయయు ఈ జబ్బుదే అనుకొనరాదు. మచ్చ కొసననే ఉండి, బట్టీ వైపు చెట్లలో ఎక్కువగాను, దూరము పోయిన కొలది తక్కువగాను కనబడినపుడు మాత్రము పొగను అనుమానింపవలెను.

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు చికిత్స లీటరు నీటికి 6 గ్రాముల బోరాక్సు. పిందె బఠాణీ గింజంత ఉన్నపుడు ఒకసారి, పిదప 10-15 దినముల ఎడముతో రెండుసార్లు చల్లవలెను. బోరాక్సు క్షారగుణము కలది, బోరాను లోపమును కూడ తీర్చును. పులుపును క్షారము పట్టుట మీరు పైన చదివినదే. చల్లుటకు ముందు కాయలను మీ గ్రామ ఉద్యాన సహాయకునికి చూపుడు.

కాని చికిత్స వేరు, న్యాయము వేరు. పొగ ఒకరిది, బోరాక్సు ఖర్చు మరొకరిదా? పుట్టినచోట పట్టవలెనను సూత్రము ప్రకారము బట్టీవారే దీనిని చూచుకొనవలెను. అయితే ఇక్కడ ఒక చిక్కున్నది. శోషణ బురుజును గొట్టమునకు తగిలింపవచ్చును. మన ప్రాంతమున చాల బట్టీలకు గొట్టమే లేదు. ఇటుకలు పేర్చి, నడుమ ఊక, బొగ్గు, కట్టెలు పెట్టి కాల్చుదురు. పొగ అన్ని వైపులనుండి చెట్ల ఎత్తుననే వెలువడును. అదియును గాక బొగ్గువిషపు గాలిని నీరుగాని సున్నముగాని పట్టలేవు. పూర్తిగా మండునట్లు కాల్చుట ఒక్కటే దానికి మార్గము.

పట్ట వీలుకానిదానిని దూరముగా ఉంచవలెను గదా! కేంద్ర పర్యావరణ శాఖ 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన నిబంధనల ప్రకారము ఇటుక బట్టీని నివాసములకు, పండ్ల తోటలకు కనీసము 800 మీటర్ల దూరమున నెలకొల్పవలెను. తక్కువ పొగతో కాల్చు జిగ్‌జాగ్ పద్ధతి వంటివానికి మారవలెనని కూడ అందులో ఉన్నది. గ్రామాధికారులకు నా మనవి ఇది. ఇల్లు కట్టుకొనువారికి ఇటుక కావలెను, బట్టీపై బ్రతుకు కూలీలు ఉన్నారు, ఎవరిని వెళ్ళగొట్టుమని నేను చెప్పుట లేదు. కాని క్రొత్త బట్టీకి దరఖాస్తు వచ్చినపుడు కొలతగొలుసు తీయుడు. 800 మీటర్ల లోపల ఎవరి తోట ఉన్నదో, గాలివాటు ఎటో వ్రాసికొనుడు. ఆ కొలత ఒక్క పూట పని. చేయకున్న నష్టము తోట ఉన్నంతకాలము.

పెట్టెలోని గాలి

కోసిన కాయకు ప్రాణము పోలేదు. అది ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు గాలిని, వేడిని, ఎథిలీను అను మరొక గాలిని వదలును. ఎథిలీను పండ్లను మాగజేయు గాలి. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక పాలు, అంతకంటె తక్కువ ఉన్నను అది పని ప్రారంభించును. ఒక కాయ పండిన, ప్రక్కకాయ పండును. మన పెద్దలు ఈ పేరు ఎరుగకున్నను పని ఎరుగుదురు. కాయలను వరిగడ్డిలో కప్పి మాగవేయుట ఈ గాలిని బయటికి పోనీయకుండుటకే.

ఊరిలో తినుటకు గాలిని నిలుపుట మంచిది. దూరపు ప్రయాణమునకు మాత్రము దానిని పట్టివేయవలెను. విజయవాడ చెంత నున్న గ్రామపు మామిడి మార్కెట్టునుండి ఉత్తరాదికి లారీలు బయలుదేరునపుడు బంగినపల్లి కొంత తట్టుకొనును. రసాలు తట్టుకొనవు. అందుచేతనే రసాల రుచి తెలిసినవారు దూరదేశములలో తక్కువ.

ఎథిలీనును సున్నము పట్టదు. దాని చెవి పొటాషియం పర్మాంగనేటు. బావులలో వేయు ఊదారంగు మందు మీకు తెలిసినదే. రంధ్రములు గల గట్టి పలుకులకు దాని చిక్కని ద్రావణమును పట్టించి ఆరబెట్టి, గాలి చొరబడు చిన్న పొట్లములలో నింపుదురు. పెట్టెలో ఉంచినచో అది ఎథిలీనును పట్టి మార్చివేయును. ఊదారంగు పోయి గోధుమరంగు వచ్చినచో మందు నిండినదని గుర్తు. ఇట్టి పొట్లములు సిద్ధముగా దొరకును. అవి కొనుటయే మేలు. పొట్లము కాయను తాకరాదు, పిల్లలకు అందరాదు.

ఈ పొట్లమును గూర్చి ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. గాలి ధారాళముగా ఆడు లారీలో ఇది పనిచేయదు; లోపల పొర వేసిన మూసిన పెట్టెలోనే పనిచేయును. అప్పటికే పండుట మొదలిడిన కాయను ఆపలేదు. ముదిరిన పచ్చికాయ కోసిన వెంటనే పెట్టవలెను. వేడి పెట్టెలో దాని శ్రమ వృథా. కాయను ముందు నీడన చల్లార్చవలెను. శీతల గిడ్డంగి ఉన్నను 12-13 డిగ్రీల సెంటిగ్రేడు కంటె తగ్గించినచో మామిడికి చలిదెబ్బ తగులును. మూసిన పెట్టెలో బొగ్గుపులుసు గాలి మితిమీరి రుచి చెడకుండ, వేరొక పొట్లములో కొద్దిగా తడిపి ఆరబెట్టిన సున్నమును ఉంచవచ్చును. చల్లదనము, తాజా మందు, తాకుటకు ఎడము, తగిన వ్యవధి, ఇవన్నియు ఫ్యాక్టరీ బురుజు నియమములే.

కార్బైడు మాట

కార్బైడు గడ్డకు తేమ తగిలినచో వేడి పుట్టి ఎసిటిలీను అను గాలి వచ్చును. వెల్డింగు పనికి వాడు గాలి ఇదే. ఎథిలీనుకు పోలిక గలదగుటచే ఇది కూడ కాయ రంగును మార్చును. అయితే ఎథిలీను కంటె అనేక రెట్లు ఎక్కువ కావలెను. పైన పసుపు వచ్చినను లోపల గుజ్జు పుల్లగానే ఉండవచ్చును. అంతకు మించినది, బజారు కార్బైడులోని మలినములవలన ఫాస్ఫీను, ఆర్సీను అను విషపు గాలులు ఎసిటిలీనుతో కలిసి వచ్చును. ఆహార భద్రతకు సంబంధించిన 2011 నాటి నిబంధనలు కార్బైడు గాలితో మాగించిన పండ్లను అమ్మరాదని శాసించినవి. దానికి ముందున్న 1955 నాటి కల్తీ నిరోధక నియమావళిలో కూడ ఈ నిషేధము ఉండెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడు. సిలిండర్లలో నింపుటకు ఎసిటిలీనును తయారుచేయు కర్మాగారములు దానిలోని ఫాస్ఫీను మొదలగువానిని గంధకామ్లముతోనో, బ్లీచింగు ద్రవముతోనో కడిగి తీసివేయుదురు. ఇనుమును అతుకు గాలినే కడిగి వాడుచుండగా, పసిపిల్లలు తిను పండునకు కడుగని గాలి పెట్టుట ఏ న్యాయము?

దీనికి బదులు చట్టసమ్మతమైన మార్గము కలదు. ఆహార భద్రతా సంస్థ 2016లో ఎథిలీను గాలిని 100 పి.పి.ఎం. వరకు, అనగా పది లక్షల పాళ్ళలో నూరు పాళ్ళ వరకు అనుమతించినది. తేమ, చల్లదనము అదుపులో ఉన్న మూసిన గదిలో కొలతతో దీనిని పంపవలెను. గదిలో బొగ్గుపులుసు గాలి నూటికి ఒక పాలు దాటినచో మాగుట మందగించును. కావున నియమితముగా తలుపు తెరచి గాలి మార్చవలెను. కొలత తెలియక కట్టిన గది కంటె గడ్డిలో మాగవేసిన కాయ మేలు.

కొందరి సందేహములు

మాగవేయునది వ్యాపారి గదా, రైతుకేమి పని అని కొందరు అడుగుదురు. పెట్టెమీద వ్యాపారి పేరు ఎవరికిని గుర్తుండదు. నూజివీడు కాయ అనుమాటయే గుర్తుండును. పుల్లని పచ్చపండు తిన్న మనిషి మరుసటి ఏడు ఆ పేరును చూచి ముందుకు సాగిపోవును. ఆ నష్టము తోటకే వచ్చును.

రసాయనము వలదని చెప్పుచు పర్మాంగనేటు ఎందుకు చెప్పుచున్నారని మరికొందరు అడుగవచ్చును. పండుకు చేర్చు రసాయనము వేరు, పండు చుట్టునున్న గాలినుండి తీయు రసాయనము వేరు. కార్బైడు మొదటిది. పర్మాంగనేటు పొట్లము రెండవది. మజ్జిగలో ఉప్పు వేయుటకును, మజ్జిగను వడకట్టుటకును ఎంత తేడాయో అంత తేడా.

చిన్నరైతు ఇవన్నియు చేయగలడా అనునది నిజమైన ప్రశ్న. ఒంటరిగా చేయలేడు. రెండెకరముల తోటవాడు మాగవేయు గది కట్టలేడు. పదిమంది కలిసిన రైతు సంఘము కట్టగలదు. అట్టి సంఘములకు శాఖాపరముగా సహాయము చేయుట మావంటి అధికారుల విధి. సలహా చెప్పి ఊరకుండుట చాలదని నా నమ్మకము. మొదట రసాలకే ఈ పని ప్రారంభింపవలెను. బంగినపల్లి తన బరువు తాను మోయగలదు. చేయూత కావలసినది రసాలకు.

ఈ ఏడు ఇంతమాత్రము చేయుడు. పూత రాకమునుపే మీ తోటకు 800 మీటర్ల లోపల ఉన్న బట్టీలను లెక్కించి, మీ రైతు సేవా కేంద్రములో వ్రాసియిండు. పిందె దశలో బట్టీ వైపు వరుసను, దూరపు వరుసను పోల్చి చూడుడు. కోత సమయమున పది పెట్టెల రసాలకు పొట్లములు పెట్టి, పది పెట్టెలకు పెట్టక, ఒకే లారీలో పంపి, చేరినచోట ఎన్ని కాయలు గట్టిగా ఉన్నవో వ్రాయించి తెప్పించుకొనుడు. ఆ రెండు లెక్కలు మా కార్యాలయమునకు తెచ్చినచో, తరువాతి సంవత్సరము మీ ఊరికి ఏమి కావలెనో మీ అంకెలతోనే పైవారికి వ్రాయగలము.